రెండువందల పన్నెండో రాయి

డెబ్బై ఒకటో అతుకు దగ్గర తీగ పక్కకు ఒరిగింది.

హైమవతి ఊపిరి బిగబట్టింది. మైక్రోస్కోపు కింద ఆ అల్యూమినియం నాలుక గడ్డిపరకలా కనబడుతోంది గానీ, నిజానికి తలవెంట్రుకలో సగం కూడా ఉండదు. పట్టుకారులాంటి శ్రావణం కొసతో దాన్ని మెల్లగా లేపి, నాడి అంచున ఉన్న మెరుపు గీత మీద కూర్చోబెట్టి, పాదంతో మీట నొక్కింది. కంపనసూది చెవికి అందనంత సన్నగా వణికింది. లోహం లోహంలో కలిసిపోయింది. ఇంకా యాభై ఏడు.

పట్టీ ఉల్లిపొర కన్నా పల్చన. దాని మీద నూట ఇరవై ఎనిమిది తీగలు. వాటన్నిటినీ చింతగింజంత నాడికి అతికితే, అది కరకట్ట కడుపులోకి వెళ్లి, ఎక్కడ తేమ చేరుతోందో, ఎక్కడ మట్టి కదులుతోందో కావలి అనే కంప్యూటరుకి చెప్తుంది. సముద్రం పొలాల మీదికి వచ్చాక ఏటి గట్టున కట్టిన కట్ట అది. దాని తలుపులు తీసేదీ మూసేదీ, సైరన్లు మోగించేదీ, పడవలు పంపేదీ కావలే. కావలికి మాట చెప్పగలిగేది నాడి ఒక్కటే.

ఒకప్పుడు ఈ గదిలో పద్నాలుగుమంది అతికేవాళ్లు. తరవాత యంత్రాల చేతులొచ్చాయి. కానీ పట్టీ గాలిలో తేమకి ముడుచుకుంటుంది, ప్రతి పట్టీ తన తీరున తాను ముడుచుకుంటుంది. యంత్రం మూడింట రెండు చింపేది. అందుకని ఒక్క మనిషిని ఉంచారు. రెండో మనిషి ఊపిరి కూడా తేమే కాబట్టి రెండోవాళ్లని రానివ్వరు. తెల్ల తొడుగులో, మూతి మీద గుడ్డతో, హైమవతి రోజుకి ఎనిమిది గంటలు అక్కడే. నోరు విప్పేది మాత్రం పదకొండింటికి ఒక్కసారి.

పదకొండింటికి ఫోను మోగింది.

"ఆయ్, నేనండి, ఏసుపాదాన్ని."

"చెప్పండి బాబాయ్."

ఏసుపాదం ఈతల్లంక లస్కరు. కట్ట మీద నడిచి, నంబరు వేసిన రాయి రాయికీ తేమ చూసి చెప్పడం ఆయన పని. కంట్రోల్ రూము ఖాళీ చేసిన రోజున, మనుషుల ఫోన్లు ఎటు పంపాలో తెలియక ఈ గదికి తిప్పారు. మిగతా లస్కర్లంతా ఒక్కొక్కరే మానేశారు. ఈయన మానలేదు. పదకొండేళ్లుగా ఆయన చెప్పింది హైమవతి రాసుకుంటోంది, కావలికి ఎక్కిస్తోంది. 'మూలానికి నంబరు లేదు' అని కావలి పక్కన పెడుతోంది. ఆయన ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన మేకకి ఏ కాలు కుంటో, గురువారం ఏ కూర వండుకుంటాడో మాత్రం తెలుసు.

ఇవాళ మేక సంగతి రాలేదు.

"రెండొందల పన్నెండో రాయి దగ్గర ఊట పడిందండి."

"తేటగా ఉందా?"

"పొద్దున్న తేటగానే ఉందండి. ఇప్పుడు మజ్జిగలా వస్తోంది."

హైమవతి శ్రావణం కింద పెట్టింది. తేటనీరు వస్తే కట్టకి చెమట పట్టినట్టు. నీళ్లు తెల్లబడ్డాయంటే లోపల మట్టిని ఏరు తినేస్తున్నట్టు.

"ఊళ్లో చెప్పారా?"

"గుడిసె గుడిసెకీ తిరిగి చెప్పానండి. సైరన్ మోగలేదుగా అంటున్నారు. మూడూ నలభైకి పోటు వస్తదండి, అమ్మా."

ఆమె వెంటనే పైఅంతస్తుకి మీట నొక్కింది. గోడలోని స్పీకర్లో పద్మనాభంగారి గొంతు పలికింది. ఆయన పర్యవేక్షకుడు. ఆ గొంతుని ఆమె నెలకో రెణ్ణెల్లకో వింటుంది.

"ఈతల్లంకలో నూట తొంభై ఎనిమిది దాటాక మనకి నాడులు లేవు కదండీ. వచ్చే ఏటి పథకంలో ఉన్నాయి."

"మనిషి ఉన్నాడు కదండీ."

"మనిషి మాటకి నంబరు లేదు. నంబరు లేనిచోట కావలి సున్నా వేసుకుంటుంది. సున్నా అంటే దానికి క్షేమమనే."

"ఆరో తలుపు తీస్తే ఏరు రెండు జానలు దిగుతుంది."

"దిగుతుంది. అవతల వరి అంతా ఉప్పుపాలవుతుంది. ఆ తలుపు తాళం నా చేతిలో లేదు హైమవతిగారూ. ఉంటే తీసేవాణ్ణో లేదో, అదీ నాకు తెలీదు."

స్పీకర్ ఆగిపోయింది. గదిలో గాలిని వడగట్టే యంత్రం చప్పుడొక్కటే మిగిలింది.

నిన్న పూర్తయిన నాడి ఒకటి బల్ల మీద ఉంది. దాన్ని గ్లాసుడు నీళ్లలో ముంచి, రెండువందల పన్నెండో రాయి దగ్గర ఉన్నట్టు రాసేస్తే? ఆ ఆలోచన రావడమూ చెయ్యి దాని మీదికి వెళ్లడమూ ఒక్కసారే జరిగాయి. కానీ గ్లాసులో నీళ్లకి మట్టి బరువుండదు. కావలి ఇట్టే పట్టేస్తుంది. ఒకసారి అబద్ధం దొరికిందంటే, ఆ తరవాత ఈ బల్ల మీంచి వెళ్లే నిజం కూడా చెల్లదు.

ఆమె నమోదు పత్రం తెరిచింది. ప్రతి నాడికీ నింపేదే. నంబరు: 40-1188. చోటు: ఈతల్లంక, 190 నుంచి 220. రకం అన్నచోట వేళ్లు అలవాటుగా 'సిలికాన్' అని కొట్టబోయాయి. ఆగి, 'మనిషి' అని కొట్టింది.

తెర ఒక్క క్షణం ఖాళీగా ఉంది. తరవాత కావలి అడిగింది: కొత్త రకం. సరిచూపు కావాలి. పాత నాడులతో పోల్చడానికి మూడు వందల రీడింగులు.

ఈతల్లంక కట్టలో నూట తొంభై నుంచి నూట తొంభై ఎనిమిది దాకా మూడేళ్ల కిందటే నాడులు దింపారు. ఆ రాళ్ల దగ్గర ఏసుపాదం రోజూ ఏమన్నాడో హైమవతి పుస్తకాల్లో ఉంది. పొడి, చెమ్మ, ఊట, బుగ్గ: ఆయనవి ఈ నాలుగు మాటలే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వాటికి అంకెలు వేసి, తేదీలతో సహా కొట్టడం మొదలుపెట్టింది. అన్నం డబ్బా తెరవలేదు. డెబ్బై ఒక్క అతుకులతో ఆగిపోయిన పట్టీ దీపం కింద చుట్టుకుపోయింది. అది ఇక పనికిరాదు. చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. రెండుంబావు అయ్యేసరికి మూడువందలూ పూర్తయ్యాయి.

కావలి జవాబిచ్చింది: పొంతన వందకి తొంభై ఆరు. పదకొండు సందర్భాల్లో ఈ రకం నాడి మిగతావాటికంటే ముందే చెప్పింది. స్వీకరించడమైనది.

ఆమె ఫోను తీసింది. "బాబాయ్, మీకు నంబరొచ్చింది."

"నంబరెందుకండి నాకు?"

"ఇక మీ మాట కావలి వింటుంది. ఇప్పుడెలా ఉందో చెప్పండి."

అటునుంచి గాలి హోరు వినిపించింది. "బుగ్గ లేచిందండి, మట్టిని తోసుకుని ఉబుకుతోంది. నా పిడికిలంత."

ఆమె నాలుగు నొక్కింది.

నిమిషం గడిచిందో లేదో, ఫోనులోంచి సన్నగా కూత మొదలైంది. పెరిగి పెరిగి మాట వినబడనంత అయింది. "మోగిందండి!" అని ఏసుపాదం అరిచాడు. "జనం లేచారండి, పడవలొస్తన్నాయి!" తెర మీద ఆరో తలుపు తెరుచుకుంటున్నట్టు దాని బొమ్మ ఎరుపు తిరిగింది.

"మీరూ వెళ్లిపోండి బాబాయ్."

"నేనెళ్తే మీకెవరు చెప్తారండి?"

పది నిమిషాలకోసారి చెప్తూనే ఉన్నాడు. నాలుగు. నాలుగు. ఏరు ఒక జాన దిగింది. మళ్లీ నాలుగు. ఊరు ఖాళీ అయింది. మూడూ యాభైకి, "రాయి ఒరుగు..." అన్నంత వరకే వచ్చింది. ఆ తరవాత లైను లేదు.

నాలుగుంబావుకి గది తలుపు తెరుచుకుంది. తను ఒక్కతే మిగిలాక ఆ గదిలోకి మరో మనిషి రావడం అదే మొదలు. పద్మనాభంగారు తొడుగు లేకుండా, కాళ్లకి చెప్పులతోనే వచ్చేశారు. పొట్టిగా ఉన్నారు. ఆ గొంతు విని ఆయన పొడగరి అనుకుంది.

"ఏం చేశారో తెలుస్తోందా? రెండువందల ఎకరాల వరి మునిగిందండీ!"

"ఈతల్లంకలో మూడువందల నలభైమంది ఉన్నారండీ."

"ఆ నమోదు తీసెయ్యండి."

"తియ్యను."

ఆయన ఇంకేదో అనబోయేలోగా తెర వెలిగింది. నాడి 40-1188 మౌనం. అరగంట దాటింది. మరమ్మతు పడవ బయలుదేరినది.

నాడి పలకకపోతే మరమ్మతువాళ్లు వెళ్లితీరాలి. కావలికున్న పాత నియమమే అది. పడవని వెనక్కి తిప్పే అధికారం మాత్రం పర్యవేక్షకుడికి ఉంది. ఆ వైపున ఇంకా మిగిలింది ఆ ఒక్క పడవే. పద్మనాభంగారు తెర దగ్గరికి వెళ్లి, 'రద్దు' అన్న గడి మీద వేలు ఆనించీ ఆనించకుండా నిలబడ్డారు.

"ఎన్నేళ్లుంటాయి ఆయనకి?"

"తెలీదండి. నేనెప్పుడూ చూళ్లేదు."

ఆయన వేలు వెనక్కి తీసుకుని, మెట్లెక్కి వెళ్లిపోయారు.

హైమవతి కొత్త పట్టీ పరిచింది. రెండో అతుకు దగ్గరే తీగ తెగింది. ఇంకోటి పరిచింది, అదీ తెగింది. ఫోను వైపు చూడకూడదనుకుని ఫోను వైపే చూస్తూ కూర్చుంది. రేపు పదకొండింటికి అది మోగకపోతే తనని 'అమ్మా' అని ఊరికే అనేవాళ్లు కూడా ఈ భూమ్మీద ఎవరూ ఉండరని ఆమెకి అప్పుడు తెలిసింది. పదకొండేళ్లు ఆయన తనకి కట్ట సంగతే చెప్తున్నాడనుకుంది.

ఆరింటికి, పొద్దు వాలేవేళ, మరమ్మతు పత్రం వచ్చింది. ఎవరో పడవలో కూర్చుని తడిచేతులతో నింపినట్టుంది, అక్షరాలు తప్పులతో ఉన్నాయి. నాడి దొరికింది. తాటిమొద్దు పట్టుకుని ఉంది. ఎడమకాలు విరిగింది. పూర్తిగా తడిసింది. పనిచేస్తోంది. టీ అడుగుతోంది.

హైమవతి మూతిగుడ్డ లాగేసి, ఆ గదిలో మొదటిసారి బిగ్గరగా నవ్వింది. ఆ నవ్వు ఏడుపులోకి తిరిగాక కూడా చాలాసేపు ఆపుకోలేదు.

మర్నాడు పొద్దున్న వచ్చేసరికి తెర నిండా జాబితా ఉంది. రాత్రంతా కావలి కట్ట పొడుగునా వెతికినట్టుంది. నాడి లేని రాళ్లు: ఆరువందల పన్నెండు. కావలసిన రకం: మనిషి. వెంటనే. కింద పర్యవేక్షకుడి సంతకం కోసం ఖాళీ గడి ఉంది. పైనుంచి ఏ మాటా రాలేదు, రద్దూ రాలేదు.

తొమ్మిదిన్నరకి తలుపు తెరుచుకుంది. మౌనమై దొరికిన నాడిని అతికినవాళ్ల బల్ల దగ్గరికి తెచ్చి చూపించాలన్నది మరో నియమం. ఇద్దరు మరమ్మతువాళ్లు బక్కపల్చటి ముసలాయన్ని చెరోపక్కా పట్టుకుని తీసుకొచ్చారు. గళ్ల లుంగీ, మోకాలి దాకా సిమెంటుకట్టు, రెండో కాలికి ఎండిన బురద. గదిలో తేమ హద్దు దాటిందని గంట మోగడం మొదలుపెట్టింది. ఎవరూ దాన్ని ఆపలేదు.

ఆయన తెల్లటి గోడలకేసీ, దీపాలకేసీ, చివరికి ఆమెకేసీ చూశాడు.

"ఆయ్, నేనండి," అన్నాడు. "ఎక్కడ కూచోమంటారండి?"

ఆ గదిలో ఉన్నది ఒక్క స్టూలే. హైమవతి లేచి నిలబడింది.