నటీనటులు: రాజేశ్వరి

సెలవులకని కడప నుంచి పొద్దున్నే బయలుదేరిన శ్రీవిద్య, మైదుకూరులో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి పక్కన మూతపెట్టిన బొరుగుల ఉగ్గాని ఇంకా వేడిగానే ఉంది. చిన్నమ్మ అమూల్య ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో కొడుతోంది.

“వచ్చినావా విద్యా? కాళ్లు కడుక్కో పో, ఉగ్గాని పెడతా,” అంటూ గబగబా లేచింది.

ఆ కంప్యూటర్లో సినిమాల లైబ్రరీ తయారుచేసింది శ్రీవిద్యే. నాన్న శివప్రసాద్‌కు బట్టల అంగడి మూసి వచ్చాక ఒక పాత సినిమా చూస్తే గానీ నిద్రపట్టదు. ఫైళ్ళేమో పేరూ ఊరూ లేకుండా గుట్టగా పడి ఉండేవి. కిందటి సెలవుల్లో ఆమె వాటికోసం ఒక సాఫ్ట్‌వేర్ పెట్టింది. సినిమా పేరు కొడితే చాలు, బొమ్మ, సంవత్సరం, దర్శకుడు, నటీనటులు అన్నీ నెట్ నుంచి వచ్చి వాటి వాటి గడుల్లో కూర్చునేవి. నటుడి పేరు మీద నొక్కితే ఆయన సినిమాలన్నీ వరసగా వచ్చేవి. మిగిలిన పని అమూల్యకు నేర్పి కాలేజీకి వెళ్ళిపోయింది.

అమూల్య ఆమెకు సవతి తల్లి. కన్నతల్లి రాజేశ్వరి, శ్రీవిద్యకు నాలుగేళ్ళు నిండకముందే జ్వరంతో పోయింది. గోడ మీద ఫోటో తప్ప తల్లి గురించి ఆమెకేమీ జ్ఞాపకం లేదు. అడుగుదామంటే, ఆ పేరు ఎత్తగానే శివప్రసాద్ లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అమూల్య ఏ లోటూ రానివ్వలేదు. అయినా ఆ ఇద్దరి మధ్య అన్నం పెట్టడం, తినడం తప్ప పెద్దగా మాటలు సాగేవి కావు.

తినేసి వచ్చి శ్రీవిద్య లైబ్రరీ తెరిచింది. సినిమాల కింద కొత్తవేవో చేరి ఉన్నాయి. కమలాపురం పెండ్లి, రాజంపేట నామకరణం. బొమ్మలు లేవు. మొదటిదాన్ని నొక్కింది. నటీనటుల గడిలో ఒకే ఒక్క పేరు ఉంది: రాజేశ్వరి.

శ్రీవిద్య ముఖం ఎర్రబడింది.

“చిన్నమ్మా! మా అమ్మ పేరు ఈడ ఎవరు పెట్టినారు?”

“నేనే,” అంది అమూల్య, చేతులు తుడుచుకుంటూ.

“నటీనటుల్లోనా? మా అమ్మేమన్నా నాటకాలు ఆడిందా? ఆమె పేరుతో నీకు ఆటలేంది?”

“ఆటలు కాదు విద్యా. ఇది మీ నాయన ఆ కాలంలో బంధువుల ఇండ్లల్లో తీసిన వీడియో...”

“నాకు తెల్దా? నాయన కెమెరా పట్టుకుంటే అమ్మ పక్కన నిలబడి లైటు పట్టుకునేదంట. చిన్నప్పుడు చుట్టాల ఇండ్లకు పోయి అన్నీ పెట్టించుకోని చూసినా. ఒక్కదాంట్లో గూడ ఆమె లేదు!” శ్రీవిద్య తెర వైపు వేలు చూపింది. “లేని మనిషిని ఉండాదని రాస్తే నాకెట్లుంటుందో నీకేం తెలుస్తాది?”

అమూల్య కళ్ళు నిండాయి. కానీ కదలలేదు.

“వాళ్ళ ఇండ్లల్లో ఉండేవి మాటలు తీసేసి పాటలు కలిపి ఇచ్చినవమ్మా. ఇవి కెమెరాలో తిరిగిన అసలు క్యాసెట్లు. అటక మీద బూజు పడతాంటే కడపకు పంపించి సీడీలు చేయించి దీంట్లోకి ఎక్కించినా. పేరు పెట్టను నాకు ఇంగో గడి దొరకలేదు. ఈడ పెడితేనే కదా, నొక్కంగానే అన్నీ ఒకతావు వచ్చేది.”

మౌస్ అందుకుని రాజేశ్వరి పేరు మీద నొక్కింది. సినిమాలన్నీ పక్కకు తప్పుకున్నాయి. పెళ్ళిళ్ళు, సీమంతాలు, గృహప్రవేశాలు తెర నిండా బారులు తీరాయి. అమూల్య మొదటిది నడిపించింది.

పెళ్ళిపందిరి. తలవంచుకున్న పెళ్ళికూతురు. వెలుగు అటూ ఇటూ కదులుతోంది. కెమెరాకు ఆనుకున్నంత దగ్గరగా ఒక ఆడగొంతు పలికింది.

“బావా, పెండ్లికూతురి మొగం చీకటిగా ఉండాది. రవ్వ ఇట్ల జరుగు.”

కెమెరా బుద్ధిగా జరిగింది. పందిట్లో ఒక ముసలామె కంటికి చేయి అడ్డం పెట్టుకుంది. “ఓ రాజేశ్వరీ, నీ లైటుకు నా కండ్లు పోతాండాయి గదే!”

ఆ వెంటనే కెమెరా పక్కన పకపకా నవ్వు.

శ్రీవిద్య తెరకు దగ్గరగా జరిగింది. ఫోటోలో పెదవి విప్పని తల్లి, ఇంత గట్టిగా నవ్వే మనిషా! ఊపిరి తీస్తే ఆ నవ్వు ఎక్కడ ఆగిపోతుందోనన్నట్టు బిగుసుకుని కూర్చుంది.

“ఇంగొకటుంది,” అని గుసగుసగా చెప్పి, అమూల్య రాజంపేట నామకరణం నడిపించింది.

లంగా తొక్కుకుంటూ ఓ చిన్నపిల్ల పళ్ళెం దగ్గరికి పరుగెత్తింది. గుప్పెడు అక్షింతలు నోట్లో వేసుకుంది.

“విద్యా! నోట్లో పెట్టుకోగాకమ్మా! ఊసెయ్, నా తల్లి కదూ!”

వెలుగు వణికింది. తెర అంచులోంచి ఆకుపచ్చ గాజుల చేయి వచ్చి పిల్ల మూతి తుడిచి, బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది.

శ్రీవిద్య తనకు తెలియకుండానే తన బుగ్గ తడుముకుంది. అమ్మ తనను పేరు పెట్టి పిలిచింది. తన చెవులతో తాను విన్నది. కన్నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోవాలని కూడా తోచలేదు.

గుమ్మంలో చప్పుడైంది. అంగడి తాళాలు మరచి వెనక్కి వచ్చిన శివప్రసాద్ చెప్పులతోనే నిలబడిపోయి ఉన్నాడు. అమూల్య కంగారుగా శబ్దం తగ్గించబోయింది.

“తగ్గించొద్దు,” అన్నాడాయన. వచ్చి నేల మీదే కూలబడ్డాడు. “వింటే తట్టుకోలేనని నేనే అటకెక్కించినా. ఆ గొంతును ఈ బిడ్డకు గూడ లేకుండా చేసినా.”

శ్రీవిద్య అమూల్య వైపు తిరిగింది. “ఇవన్నీ ఒక్కదానివే కూర్చోని ఎట్ల విన్నావు చిన్నమ్మా? నీకు బాధ కాలేదా?”

“మొదట భయమేసింది. ఈ ఇంట్లో ఆమె ఫోటో ముందర ఇన్నేండ్లు తిరిగినా, ఎట్లాంటి మనిషో తెల్దు. వినేకొద్దీ శానా దగ్గరిదైపాయె. నిన్ను పిలిచిన పిలుపు నా దగ్గర పెట్టుకుంటే ఎట్ల? అది నీది కదా.”

శివప్రసాద్ కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అమూల్య నెమ్మదిగా లేచింది. “మీ ముగ్గురూ ఉండండి. నేను వంట చూసుకుంటా.”

రెండడుగులు వేయకముందే శ్రీవిద్య ఆమె చేయి పట్టుకుంది.

“యాడికి పోతావు? కూర్చో. అమ్మ ఇంగా ఏమేం మాట్లాడిందో నలుగురం కలిసి విందాం.”