మూడో విస్తరి

ధర్మవరంలో అమావాస్య అంటే మగ్గాలకు సెలవు. అంతకు మించి దానికో అర్థం ఉందన్న సంగతి, పెళ్ళయి ఆ ఊరికొచ్చిన ఎనిమిదేళ్ళలో నేను మరిచేపోయాను. ఆ రోజు వీధిలో మగ్గాల చప్పుడు ఉండదు. తలస్నానం చేసి, తీరిగ్గా వండుకుని, నడుము వాల్చవచ్చు. 2001లో ఒక అమావాస్య నాడు నేను పుట్టింటికి బయలుదేరడానికి కారణం కూడా ఆ సెలవే. అది ఏ అమావాస్యో చూసుకోలేదు. మా ఆయన క్రాంతి కుమార్ వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. మా ఇంట్లో ఉన్న క్యాలెండర్ చర్చిలో ఇచ్చినదే, అందులో అమావాస్యలు ఉండవు.

దానికి నాలుగు రోజుల ముందు మా ఊరి మునియమ్మ ఏదో పని మీద ధర్మవరం వచ్చి, అంగడి ముందు నాకు ఎదురుపడింది. నన్ను చూసి ఆమె చేతిలో సంచి జారిపోయింది. చాలాసేపు నా ముఖమే చూసింది. ఎప్పుడో లేచిపోయినదాన్ని, పలకరించడానికి మొహమాటపడుతోంది కాబోలు అనుకున్నాను. ఇంట్లో అందరూ ఎట్లున్నారని నేనే అడిగాను. మా నాయన పోయి ఏడాది దాటిందని చెప్పి, ఇంకో మాటకు నిలబడకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఏడ్చాను. ఏడుపు వెనకాలే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు. ఇక మా ఇంట్లో నాకు అడ్డుపడే మనిషి లేడు. అమ్మ చేతి సంగటి మళ్ళీ తినొచ్చు.

మా అమ్మ ఉలిగమ్మ సంగటి కెలికితే వీధి చివరిదాకా రాగి వాసన వచ్చేది. వేడి ముద్ద, రోట్లో నూరిన చెనక్కాయల చట్నీ. నాయనా, తమ్ముడు గోవిందూ తిని లేచాక, అమ్మ కుండ అడుగున అంటిన మాడును గరిటెతో గోకేది. దానికి వెన్న రాసి, ఎర్రగడ్డ ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టేది. అది నా వాటా. మాడు తినేదానికి ఇంట్లో ఇంకెవరూ నోరు పెట్టరు. నేను కరకరా నములుతుంటే అమ్మ నవ్వుతూ చూసేది, మధ్యలో ఒక ముక్క తనూ తుంచుకునేది. ఇద్దరమే, పొయ్యి పక్కన. నా చిన్నతనంలో నాకు గుర్తున్న సుఖమంతా అదే.

క్రాంతి మా ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేయడానికి వచ్చేవాడు. అతనితో వెళ్ళిపోతున్నానని నాయనకు తెలియదు గానీ అమ్మకు తెలుసు. పెరటి తలుపు గడియ తీసింది అమ్మే. మీ నాయనను నేను చల్లబరుస్తాను, ఏడాది తిరక్కుండా కబురు పెడతాను అని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పింది. ఆ చెయ్యిని నమ్ముకుని ఎనిమిదేళ్ళు కూచున్నాను. నాలుగు జాబులు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. మీ అమ్మ మరిచిపోయిందిలే అని క్రాంతి అన్నప్పుడల్లా అతని మీద ఎగిరిపడ్డాను. నాయన రాయనివ్వడం లేదు, అమ్మ అలాంటిది కాదు అని ఎంత గట్టిగా వాదించానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

తోడు వస్తానని క్రాంతి అన్నాడు. ముందు నేనొక్కదాన్నే వెళ్ళొస్తానన్నాను. ప్యాసింజర్ రైలు ఆలస్యంగా వచ్చింది. పెనుకొండలో దిగేసరికి సాయంత్రం నాలుగు. జీపులో జనం నిండేదాకా ఇంకో గంట. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అమ్మ దగ్గరే తినాలని మొండిగా కూచున్నాను.

జీపు దిగి నడిచాను. వానలు లేక చెనక్కాయ చేలు వాడిపోయి ఉన్నాయి. పొద్దు కొండ వెనక్కి దిగిపోయింది. ఊళ్ళోకి వచ్చేసరికి కరెంటు లేదు. ప్రతి ఇంటి నుంచీ సాంబ్రాణి పొగ, వడల నూనె వాసన. కానీ మనుషుల మాటలు వినిపించడం లేదు. ఇళ్ళ తలుపులు మూసి ఉన్నాయి. జనమంతా బయట అరుగుల మీద, చీకట్లో, నోరు మెదపకుండా కూచుని ఉన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. పెద్దల అమావాస్య.

ఆ రోజు చచ్చిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, లోపల విస్తర్లలో వడ్డించి, దీపం పెట్టి, తలుపు మూసి అందరూ బయటికి వచ్చేస్తారు. వాళ్ళు వచ్చి తినిపోయేదాకా మాట్లాడకూడదు. తరువాత తలుపు మూడుసార్లు తట్టి లోపలికి వెళ్ళి, ఆ విస్తర్లలోదే ఇంటిల్లిపాదీ కలిసి తింటారు. చిన్నప్పుడు ఆ కాసేపు ఆగలేక నేను గునుస్తూ ఉండేదాన్ని. సరే, మంచి రోజే వచ్చాను, నాయనకు పెట్టిన అన్నంలో నాకూ ఒక ముద్ద దొరుకుతుంది అనుకుని నడక పెంచాను.

మా అరుగు మీద ఇద్దరున్నారు. గోవిందు ఒళ్ళు చేశాడు, మీసం వచ్చింది. అమ్మ బాగా చిక్కిపోయింది. లాంతరు వాళ్ళిద్దరి మధ్యన ఉంది. నేను ఆ వెలుతుర్లోకి వచ్చి నిలబడ్డాను. అమ్మ లేవలేదు. ఏడవలేదు. కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. గుసగుసగా అడిగింది.

"తినేసినావా? ఇంత బిరీన బయటికొచ్చినావే."

నాకు అర్థం కాలేదు. గోవిందు మాత్రం అరుగు మీద వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. వాడు నా ముఖం చూడటం లేదు. నా పాదాలు చూస్తున్నాడు. తరువాత తల తిప్పి, మూసి ఉన్న తలుపు వైపు చూశాడు.

"అమ్మా, ఇప్పుడే వస్తాండా. జీపు దిగి నడిచొస్తాండా," అన్నాను.

అమ్మ ముఖం మారింది. తలుపు వైపు చెయ్యి చూపి, లోపల ఉండాల్సినదానివి బయట ఎందుకున్నావన్నట్టు చూసింది. లోపల ఎన్ని విస్తర్లు వేశారని గోవిందును అడిగాను. వాడు మూడు వేళ్ళు చూపించాడు. ఎప్పుడో పోయిన మా అవ్వకు ఒకటి. నాయనకు ఒకటి.

"మూడోది ఎవురికిరా?"

వాడు ఏడ్చాడు. ఏడుస్తూ, గొంతు పైకి రాకుండా చెప్పాడు. నేను వెళ్ళిన పదో రోజు నాయన అందరి చేతా తలస్నానాలు చేయించాడట. కూతురు ధర్మవరంలో జ్వరమొచ్చి పోయిందని ఊరంతటికీ చెప్పాడట. కర్మ చేసి, ఊరికి భోజనం పెట్టాడట. మునియమ్మ చేతిలో సంచి ఎందుకు జారిందో అప్పటికి తెలిసింది. నాయన చేసింది సరే, ఆయన కోపం నాకు తెలియనిదా. నా గుండె అక్కడ పగల్లేదు. అమ్మ ఏమందిరా అని అడిగాను.

అమ్మే జవాబు చెప్పింది. దానిలో తప్పేమీ లేనట్టు చెప్పింది.

"మీ నాయన నీ పేరు కూడా ఎత్తనీలేదు. నీకు వండిపెట్టల్లంటే నాకు ఇంగ దారి యాడుండాది? ఏడాదికొక దినమన్నా నీకిష్టమైంది చేసి పెడతానంటి. దానికి ఒప్పుకున్న్యాడు."

"చచ్చిపోయినానని ఒప్పుకోని పెట్టినావా?"

"మొదటి ఏడు నువ్వు ముట్టలేదు. రెండో ఏడు తలుపు తీస్తే మాడు లేదు. నాకు పానం లేచొచ్చినట్టాయె."

ఎలుకలేమో అనుకున్నామని గోవిందు అన్నాడు. మూడో ఏడు కరకరా నమిలే చప్పుడు బయటికి వినిపించిందట. నాలుగో ఏడు నుంచి అమ్మ లోపలికి పోయి, విస్తరి ముందు కూచుని, తన చేత్తోనే తినిపిస్తోందట. తింటున్నది అమ్మా అని పిలుస్తుందట. గోవిందు ఒక్కసారి తలుపు సందులోంచి చూశాడు. ఏం చూశాడో చెప్పమంటే లాంతరు తన వైపుకు లాక్కున్నాడు.

"నా జాబులు?"

"పొయ్యిలో పెట్న్యా," అంది అమ్మ. "నువ్వు ఈడికొచ్చి నా చేత్తో తింటాంటివి. ధర్మవరంలో బతికుండానని ఎవురో రాస్తే నేనెట్ల నమ్మేది?"

ఎనిమిదేళ్ళు. నేను గడప వైపు చూస్తూ కూచున్న ఎనిమిదేళ్ళూ మా అమ్మకు కొరత లేదు. నా వాటా మాడు, పొయ్యి పక్కన నేను కూచునే చోటు, అమ్మా అనే నా పిలుపు, అన్నీ ఎవరికో పెట్టేసింది. పెట్టి, సుఖంగా ఉంది. నాయన నన్ను చంపాడు. ఈమె నా చోటు ఇచ్చేసింది. ఏది పెద్ద ద్రోహమో నాకు తెలుసు.

అప్పుడు లోపల చప్పుడైంది.

కరకర...

ఆగింది.

మళ్ళీ... కర... కర...

నేనూ అంతే నములుతాను. రెండుసార్లు నమిలి, కాసేపు ఆగి, నాలుకతో వెన్న చప్పరించి, మళ్ళీ నములుతాను. ఆ చప్పరింపు కూడా వినిపించింది.

అమ్మ లేచింది. తలుపు మూడుసార్లు తట్టింది. వద్దక్కా, లోపలికి పోవద్దు అని గోవిందు నా కొంగు పట్టుకున్నాడు. విడిపించుకుని అమ్మ వెనకాలే వెళ్ళాను. భయం లేదని కాదు. కోపం భయాన్ని తోసుకుని ముందుకు నడిచింది.

లోపల దీపం ఒక్కటే. సాంబ్రాణి పొగ. పొగ కింద రాగి వాసన, వెన్న వాసన... దాని కింద తడిమట్టి వాసన. పెరటి తలుపు గడియ లోపలి నుంచే పెట్టి ఉంది. అవ్వ విస్తరిలో వడలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నాయన విస్తరి కూడా ముట్టలేదు. మూడో విస్తరిలో ఎర్రగడ్డ పొట్టు తప్ప ఏమీ లేదు. ఆ గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

"తిన్నింది చాల్లేదు," అంది అమ్మ ముద్దుగా. "ఇంగా ఆకలి మీద ఉండాది."

అమ్మ సంగటి కుండను దగ్గరికి లాక్కుంది. నేను వెళ్ళి ఆ మూడో విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూచున్నాను. అది నా పేరు మీద వేసిన విస్తరి. చచ్చినవాళ్ళకు ఆకలి ఉంటుందో లేదో గానీ నాకు ఉంది. పొద్దుటి నుంచి ఉంది, ఎనిమిదేళ్ళ నుంచి ఉంది. ఒక్క ముద్ద నా నోట్లో పెడితే, నమిలేటప్పుడు నా దవడలు కదలడం చూస్తే, నా బుగ్గ వెచ్చగా ఉండటం తగిలితే, కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా.

"పెట్టమ్మా," అన్నాను. "నేనే సత్యభామను. పెట్టు."

అమ్మ ముద్ద చేసింది. గుంట చేసి, అందులో వెన్న పెట్టింది. చెయ్యి నా వైపు చాచింది. వేడి ముద్ద పొగలు కక్కుతోంది. నేను చిన్నపిల్లలాగా నోరు తెరిచాను. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

ముద్ద నా పెదవులకు తగల్లేదు.

కళ్ళు తెరిచాను. అమ్మ చెయ్యి నా చెంప పక్కనుంచి పోయింది... నా భుజం దాటి... ఎడమ వైపు, నా తలంత ఎత్తులో ఆగింది. నా చెవి పక్కన మెత్తగా ఒక నోరు తెరుచుకున్న చప్పుడైంది. మింగిన చప్పుడైంది. అమ్మ చెయ్యి తిరిగి నా ముందు నుంచి వెనక్కి వెళ్ళింది. అందులో ఏమీ లేదు.

నేను తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

అమ్మ నవ్వుతోంది. పొయ్యి పక్కన నవ్వే ఆ నవ్వే. నా చూపుతో చూపు కలపకుండా, నా భుజం పక్కకు చూస్తూ మెల్లగా అడిగింది.

"నీ ఎంబడి ఎవురో వచ్చిందమ్మా. ఆకలి మీద ఉన్నట్టుండాది. ఈమెకూ ఒక ముద్ద పెట్టమంటావా?"

అడిగి, ఆగింది. తల కొంచెం వంచి విన్నది. నాకు ఏ మాటా వినిపించలేదు. మెడ మీద మాత్రం ఊపిరి తగిలింది. అమ్మ సరేనన్నట్టు తల ఊపింది. కుండను తన ఒళ్ళోకి జరుపుకుంది.

"వద్దంట, గోవిందూ. ఈమెను బయటికి పంపించు."

అమ్మా అని నేను పిలిచిన పిలుపుకు ఆమె కళ్ళు కూడా ఎత్తలేదు. ఇంకో ముద్ద చేసుకుంటోంది.

గోవిందు లాంతరు పట్టుకుని వచ్చాడు. వాడు ఏడుస్తున్నాడు, నా వైపు గానీ నా పక్కకు గానీ చూడటం లేదు. నా కుడి చెయ్యి పట్టుకుని లేపి, గడప దాటించాడు. చివరి జీపుకు ఇంకా టైముందని చెప్పాడు. ఇంగ రావద్దక్కా అన్నాడు. తలుపు మూశాడు. లోపల గడియ పడింది.

ఆ తరువాత నేను మా ఊరికి వెళ్ళలేదు. అమ్మ ఉందో పోయిందో తెలియదు, అడగలేదు. జరిగిందంతా క్రాంతికి చెప్పాను. ఆకలి మీద, చీకట్లో అట్లా అనిపించి ఉంటుందన్నాడు. ఉండొచ్చు. ఒక్కటి మాత్రం అతనికి చెప్పలేదు.

గడప దాటేటప్పుడు నా కుడి చెయ్యి గోవిందు పట్టుకున్నాడు. వాడి రెండో చేతిలో లాంతరు ఉంది. అమ్మ లోపల కుండ దగ్గర కూచుని ఉంది. నా ఎడమ చెయ్యిని ఎవరో పట్టుకుని గడప దాకా నడిపించి, అక్కడ వదిలారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అరుగు దిగి చూసుకుంటే నా వేళ్ళకు తడి సంగటి అంటుకుని ఉంది.