ఓవర్ అంటే

"ఇది గాలికి విరిగింది కాదండీ."

గొడుగు ఊచని వెలుతురుకి ఎత్తి చూస్తూ అన్నాడు గొడుగులబ్బాయి. కౌంటరుకి అవతల నిలబడ్డ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది.

"మరి దేనికి విరిగిందట?"

"గాలికైతే వంగుతుంది, మెలి తిరుగుతుంది. దీన్ని ఎవరో మోకాలికి ఆనించి పుటుక్కున విరిచారు. పోయిన వారమూ ఇంతే, అంతకు ముందు వారమూ ఇంతే."

"మీ పని రిపేరు చేయడం. విచారణ జరపడం కాదు. సాయంత్రం ఆరింటికి కావాలి. ఓవర్."

ఆ ఓవర్ దగ్గర అతను ఎప్పటిలాగే నోరు మూసుకున్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, అతని ముఖంలోకి చూసి, నిట్టూర్చి, వానలో తడుస్తూ వెళ్ళిపోయింది.

ఆమె రేవులో వైర్‌లెస్ ఆపరేటరు. షాపు గడపలో నిలబడితే ఎదురుగా రేవు, రేవు మీద గాజుగది, గదిలో మైకు ముందు ఆమె. ఏ లాంచీ ఒడ్డుకు రావాలో, ఏది నీళ్ళ మధ్యలో ఆగాలో ఆమే చెప్పాలి.

అదంతా నీళ్ళ నగరం. ఏ వీధి పట్టుకుని నడిచినా చివరికి నీళ్ళ దగ్గరే తేలతాం. పొద్దున పూట మంచులో మేడలు సగానికి సగం మాయమైపోతాయి, లాంచీల కూతలు మాత్రం నేరుగా పడగ్గదుల్లోకి వచ్చేస్తాయి. ఎండ కాస్తే చాలు, నీళ్ళ మీది వెలుగు ఇళ్ళ కప్పుల మీద కదులుతూ ఉంటుంది. గొడుగులబ్బాయి పుట్టి పెరిగింది ఇక్కడే. అయినా ఆ అమ్మాయి గాజుగదిలోకి వచ్చాకే ఇవన్నీ అతని కంట పడ్డాయి. కుడుతూ కుడుతూ అటు చూసేవాడు, సూది గుచ్చుకునేది.

"గొడుగు కుడుతున్నావా, వేళ్ళు కుడుతున్నావా?" అనేది వాళ్ళమ్మ.

ఆమెతో కబుర్లు చెప్పాలని అతనికి గంపెడాశ. కానీ ప్రతి మాట చివరా ఓవర్ అంటుందే! 'ఇక చాలు' అని అంత మర్యాదగా చెబుతుంటే ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతాడు?

మంగళవారం అతను గొడుగు బట్ట కొనడానికి వెళ్ళినప్పుడు ఆమె వచ్చి, మళ్ళీ విరిగిన గొడుగుని వాళ్ళమ్మ చేతికిచ్చి వెళ్ళింది. అతను వచ్చి విప్పితే లోపలినుంచి చీటీ రాలింది.

"నన్ను అవతలి గట్టు రేవుకి మారుస్తున్నారు. వద్దంటే శుక్రవారం అయిదింటిలోపు కారణం రాసివ్వాలట. ఎంత వెతికినా నాకు కారణం దొరకడం లేదు. ఓవర్."

"ఏం రాసిందిరా?" అంది అమ్మ.

"ఓవరట."

"క్రికెట్టా?"

మూడు రోజులు అతనికి అన్నం సహించలేదు. గడపలో నిలబడటమే మానేశాడు. అవతలి గట్టు కంటికి ఆనేంత దూరమే. కానీ ఈ ఊళ్ళో అటు వెళ్ళినవాళ్ళు అటువాళ్ళే అయిపోతారు, గొడుగులు కూడా అక్కడే బాగుచేయించుకుంటారు.

శుక్రవారం సాయంత్రం, లాంచీ నడిపే సరంగు తన నల్ల గొడుగు కోసం వచ్చాడు. దాన్ని విప్పి చూసి తెల్లబోయాడు.

"ఎర్రదారంతో కుట్టావేమిట్రా? ఏమైంది నీకు?"

అతను చీటీ చూపించాడు. సరంగు రెండుసార్లు చదివాడు.

"ఏం జవాబిచ్చావు?"

"జవాబేమిటి బాబాయ్? ఓవర్ అనేసిందిగా!"

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వైర్‌లెస్‌లో ఓవర్ అంటే అయిపోయిందని కాదురా. 'నా మాట చెప్పాను, ఇక నువ్వు చెప్పు' అని! అయిపోతే ఔట్ అంటాం. ఔట్ అందా ఎప్పుడైనా?"

అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఓవర్ అని ఆగి, అతని ముఖంలోకి చూసిన చూపులన్నీ ఇప్పుడు వరసగా గుర్తొచ్చాయి. గొడుగులబ్బాయికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"టైమెంత బాబాయ్?"

"పది తక్కువ అయిదు. గాజుగదిలోకి బయటివాళ్ళని రానివ్వరు. నా లాంచీకి పద!"

లాంచీలో సరంగు అతని చేతిలో మైకు పెట్టాడు. "నొక్కి మాట్లాడు, వదిలి విను."

"గాజుగదికి... గొడుగుల షాపు మాట్లాడుతోంది. కారణం నా దగ్గరుంది. నువ్వు వెళ్ళిపోతే నేనింక ఎవరికోసం గడపలో నిలబడాలి? నువ్వంటే నాకిష్టం. అదే కారణం. ఓవర్."

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిందని అతనికే తెలీలేదు. బటన్ వదిలాడు. గరగరమని చప్పుడు. ఆ తర్వాత ఆమె గొంతు.

"సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పండి. ఓవర్."

అతను నోరు తెరిచేలోపే నీళ్ళ మీద ఎక్కడినుంచో ఇంకో గొంతు పలికింది.

"మాకు బాగానే వినపడిందమ్మా! ఓవర్."

"మాకూనూ! ఓవర్," అంది మరో లాంచీ.

గాజుగదిలో ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకోవడం ఇక్కడికి కనిపించింది.

అరగంట తర్వాత ఆమె మెట్లు దిగి వచ్చేసరికి సన్నగా తుంపర పడుతోంది. అతను ఆమె గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కారణం రాశావా?"

"రాశాను. 'గొడుగు రిపేరులో ఉంది' అని."

"ఒప్పుకున్నారా?"

"నవ్వి సంతకం పెట్టారు. పై ఆఫీసులో కూడా రేడియో ఉంటుందిగా!"

"కానీ గొడుగు బాగైపోయింది. ఇదిగో."

ఆమె గొడుగు అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక ఊచని మోకాలికి ఆనించి పుటుక్కున విరిచింది.

"తడుస్తున్నారర్రా! ఇద్దరూ లోపలికి రండి!" షాపులోంచి అమ్మ కేకేసింది.

ఆమె విరిగిన గొడుగుని అతని చేతిలో పెట్టి, అతని ముఖంలోకి చూసింది.

"ఓవర్," అంది.

ఈసారి గొడుగులబ్బాయి నోరు మూసుకోలేదు.