మాస్టారి బాకా మీద నాలుగు సొట్టలు

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇత్తడి వాయిద్యాలు బాగుచేస్తుంది కాబట్టి ఇత్తడమ్మ. కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఎదురుగా మాత్రం ఎవరూ అలా పిలవరు. ముందుగదిలో తమ్ముడు అమ్ముతాడు, వెనకగదిలో అక్క బాగుచేస్తుంది. తండ్రి పోయినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. చెమట అక్కది, మాట తమ్ముడిది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. తమ్ముడు ఒక నల్లటి పెట్టె తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"బ్యాండు మాస్టారిదక్కా. తాతల నాటి బాకా. పాత వాయిద్యాలు పోగుచేసే పెద్దమనిషి ఒకాయన సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాడు. సొట్టలు తీసి మెరుగు పెట్టెయ్, చాలు."

"సాయంత్రానికా? మూడు రోజుల పని ఇది! నన్నడక్కుండా మాటెందుకిచ్చావ్?"

"నీ చేతిలో పడితే ఎంతసేపక్కా?"

"పొగడకు. ఒళ్లు మండుతుంది."

తమ్ముడు పిల్లిలా జారుకున్నాడు. ఆవిడ తిట్టుకుంటూనే పెట్టె తెరిచింది. మురిగిన నీళ్ల వాసన, దాని వెనకాల పాత ఇత్తడి పులుపు. బాకా నల్లబడింది గానీ పనితనం గొప్పది. వెడల్పాటి మూతి పక్కన, వరసగా నాలుగు సొట్టలు.

ఆవిడ వేలితో తడిమి చూసింది. ముప్పై ఏళ్ల అనుభవం ఆ వేలిది. కిందపడ్డ వాయిద్యానికి సొట్టతో పాటు గీత పడుతుంది, నేల గీరుకుంటుంది కాబట్టి. వీటి చుట్టూ ఒక్క గీత లేదు. నాలుగూ నునుపుగా, గుండ్రంగా, దోసిలి ఆకారంలో ఉన్నాయి. మొదటిది చిన్నది. నాలుగోది అన్నిటికంటే లోతు.

'దేనికో వేసి కొట్టారు. గుండ్రటి దానికి... మళ్లీ మళ్లీ...'

అక్కడితో ఆలోచన ఆపేసి పనిలో పడింది. బంతి తల ఉన్న ఇనప కడ్డీని మూతి లోపల పెట్టి, బయటికి మెల్లగా నెడుతూ పోయింది. నాలుగు సొట్టలూ లేచాయి. పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది.

బల్ల మీద బాకా ఉంది. దాని మీద నాలుగు సొట్టలున్నాయి.

"ఏరా! దీన్ని ముట్టుకున్నావా?"

"నేనా? కుర్చీలోంచి లేస్తే ఒట్టు!"

"మరి నేనేం కలగన్నానా? మూడు గంటల పనిరా!"

తమ్ముడు మొహం చూస్తే అబద్ధంలా లేదు. ఆవిడ పళ్లు కొరుకుతూ తిరిగొచ్చి, మళ్లీ కడ్డీ అందుకుంది. ఈసారి సొట్ట సగం లేచిందో లేదో, కడ్డీ కింద ఇత్తడి తిరిగి కుంగింది. మెల్లగా... బరువుగా... అలిసిపోయిన మనిషెవరో దాని మీద తల ఆనించినట్టు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

బయట వాన శబ్దం. చూరు మీంచి ధార. వాటి మధ్యలో ఇంకో చప్పుడు. బాకా మూతిలోంచి... ఊపిరి. బయటికి వదిలే ఊపిరి కాదు. లోపలికి పీల్చే ఊపిరి.

"తుడిచెయ్యకు..."

ఆడగొంతు. చెవి పక్కనే.

"ఎ... ఎవరు?"

"ఇంకెక్కడా గుర్తు లేదమ్మా... దీని మీద తప్ప."

కడ్డీ ఖంగుమని కింద పడింది. గోడకి ఆనుకుని నిలబడింది ఇత్తడమ్మ. కాసేపటికి తన చేతులకేసి చూసుకుంది. ఏ గుర్తుని చెరపడానికి మధ్యాహ్నం నుంచీ ఈ చేతులు ఆరాటపడుతున్నాయో అప్పుడర్థమైంది. భయం వెనకాలే కోపం వచ్చింది. కడుపులోంచి, కుంపటి రాజుకున్నట్టు.

అప్పుడే ముందుగదిలో పలకరింపులు వినిపించాయి. మాస్టారు వచ్చాడు.

తెల్లటి చొక్కా, మెత్తటి మాట, వీధంతా లేచి నిలబడి దండం పెట్టే మనిషి. వెనకాల రెండో భార్య. గొడుగు పట్టుకున్నది ఆమె. తడవనిది ఆయన. ఆమె జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమ్మా, అయిందా?" అంటూ మాస్టారు వెనకగదిలోకి వచ్చి బాకాని చూశాడు. నవ్వు కాస్త తగ్గింది. "ఇంకా సొట్టలున్నాయే!"

"ఎలా పడ్డాయి మాస్టారూ ఇవి?"

"పాత సంగతమ్మా. మెట్ల మీంచి పడింది."

"ఏది పడింది? బాకానా... మీ మొదటి భార్యా?"

మాస్టారి మొదటి భార్య మెట్ల మీంచి జారిపడి పోయిందని ఇరవై ఏళ్ల కిందట వీధి వీధంతా విన్నదే. అందరూ వెళ్లి ఆయన్ని ఓదార్చి వచ్చారు. ఇత్తడమ్మ కూడా వెళ్లింది.

"అక్కా! నోరు మూస్తావా?" తమ్ముడు కసిరాడు.

"ఇరవై ఏళ్లుగా అందరం మూసుకునే ఉన్నాం కదరా! ఏం బాగుపడింది?"

మాస్టారికి కోపం రాలేదు. రాకపోవడమే భయంగా ఉంది. "పిచ్చిది, ఎండనకా వాననకా పనిచేసి తల తిరిగినట్టుంది," అని తమ్ముడితో అంటూ బాకా చేతిలోకి తీసుకున్నాడు. "సొట్టలదేముంది, పలికితే చాలు. వినండి."

పెదాలకి ఆనించుకుని ఊదాడు.

శబ్దం రాలేదు.

బుగ్గలు ఉబ్బాయి... ఆగాయి... లోపలికి పోయాయి. ఇంకా లోపలికి. దవడ ఎముకలు బయటపడేంత లోపలికి. కళ్లు పెద్దవయ్యాయి. బాకాని తోసెయ్యాలని రెండు చేతులా నెట్టాడు. పెదాలు ఊడి రావడం లేదు. గొంతు నరాలు తాళ్లలా తేలాయి. బాకా మూతిలోంచి అదే చప్పుడు... పీలుస్తోంది... తీరిగ్గా... పీలుస్తూనే ఉంది.

రెండో భార్య కదల్లేదు. గొడుగు మూసి గోడకి ఆనించి, చూస్తూ నిలబడింది. ఇత్తడమ్మకీ ఆయనకీ మధ్య రెండడుగుల దూరం. ఆ రెండడుగులూ ఆవిడ వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని తరవాత ఎన్నిసార్లు తనని తాను అడుక్కుందో లెక్కలేదు.

చివరికి తమ్ముడే ఆయన భుజాలు పట్టి గుంజాడు. ఇద్దరూ వెనక్కి పడ్డారు. మాస్టారు బతికే ఉన్నాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మాట లేదు, మూలుగు కూడా లేదు. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది.

రెండో భార్య అందులో ఎక్కలేదు. బాకాని చీర చెంగుతో తుడిచి పెట్టెలో పెట్టుకుంది. "ఇది అమ్మేది లేదండీ," అంది. తమ్ముడు పాపం మూలకి జరిగి పెట్టెకి దారిచ్చాడు.

వీధిలోకి వచ్చి ఒక అద్దెకారు ఆపింది ఆమె. ఇత్తడమ్మ గుమ్మం దాకా వెళ్లింది.

"ఆసుపత్రికేనామ్మా?"

"అవునండీ. ఆయన్ని ఒకసారి చూస్తానంటోంది అక్క."

"ఏ అక్క?"

ఆమె కారు ఎక్కి, పెట్టె ఒళ్లో పెట్టుకుని, సీటు ఆ చివరికంటా జరిగి కూర్చుంది. తలుపు తెరిచే ఉంచింది. డ్రైవరు విసుక్కుంటూ వానలోకి దిగాడు. తలుపు ఒకసారి వేశాడు. పడలేదు. రెండోసారి వేశాడు. పడలేదు. వంగి, ఖాళీ సీటులోకి చూసి, మర్యాదగా అన్నాడు:

"అమ్మా, ఆవిణ్ణి కాస్త లోపలికి జరగమనండి. తలుపు పడట్లేదు."