తొలిగుడ్డు, తడిగుడ్డ

కావలికన్ను చూపు పెరటివైపు తిరగడానికి ఇంకా మూడు నిమిషాలుంది. నూకరత్నం నల్లపెట్టను ఒళ్ళో అదిమిపట్టుకుని కూర్చుంది. పొద్దున్నించీ అది మేత ముట్టలేదు. గూట్లోకి వెళ్ళడం, గడ్డి కెలకడం, మళ్ళీ బయటికి రావడం, ఇదే పని. నెత్తిమీది జుట్టు కందిపోయింది. వీపుమీద చెయ్యి వేస్తే చాలు, నేలకు కరుచుకుపోతోంది.

పాతికేళ్ళ కిందట పక్షిజ్వరం వేలమందిని పొట్టనపెట్టుకున్నాక, ప్రతి ఇంటి చూరుకూ ఒక కావలికన్ను బిగించారు. కోళ్ళవైనా మనుషులవైనా, ఒంటి వేడినీ, నడకలోని తేడానూ అది దూరం నుంచే చదువుతుంది. అది మీటందే వీధి తలుపు కూడా తెరుచుకోదు. పది నిమిషాలకోసారి ఆకుపచ్చ గీత ఒకటి ఇల్లంతా తడిమి వెళుతుంది. అనుమానం వస్తే ఆ గీత ఎర్రబడుతుంది. అరగంటలో మూతబండి వచ్చి కోళ్ళను చంపి, వాటిని ముట్టుకున్నవాళ్ళను, రోగుల్ని విడిగా ఉంచే వేరుశాలకు తీసుకుపోతుంది. నూకరత్నం అత్తగారు ఆ తొలిరోజుల్లోనే అలా వెళ్ళి తిరిగి రాలేదు.

నాటుజాతి అంతరించిపోకూడదని ఆ లంకవీధిలోని పద్నాలుగు ఇళ్ళకూ ఐదేసి కోడిపిల్లల్ని ఇచ్చి ఆరు నెలలైంది. గుడ్డు పెట్టే కోడిని నూకరత్నం ఈడువాళ్ళెవరూ కళ్ళతో చూసి ఎరగరు.

“మావయ్యా, దీని ఒళ్ళు కాలిపోతోంది,” అంది నూకరత్నం.

చూపు మందగించిన మావగారు చిట్టబ్బాయి తడుముకుంటూ వచ్చి, పెట్ట తోక కింద రెండు వేళ్ళు ఆనించి చూశాడు.

“ఎముకలు విచ్చుకున్నాయే. రోగం కాదు రత్నం, గుడ్డుకొచ్చింది. తొలిసారి కదా, కంగారు పడుతోంది.”

“ఆ సంగతి కన్నుకి తెలుసా మరి?”

నాటుకోడి తొలిగుడ్డు కంగారు దానికి తెలీదు. దీపాల కింద, మందుమేతతో, అన్నీ ఒకే రోజున గుడ్డుకొచ్చే ఫారం కోళ్ళను చూసి చదువుకున్న యంత్రమది.

ఇంతలో పెట్ట ఒక్కసారి ముక్కింది. నూకరత్నం అరచేతిలో వెచ్చగా ఏదో జారిపడింది. నిమ్మకాయంత గుడ్డు. పెంకు లేదు, మెత్తటి తోలే. దానిమీద ఎర్రటి చార.

“రక్తం మావయ్యా!”

“మొదట్లో అంతేనే. చిన్నవి పెడతాయి, తోలుగుడ్లు పెడతాయి, ఒక్కోటి రెండు సొనలది. రోజూ పెట్టవు కూడా. నెల తిరిగేసరికి కుదురుకుంటాయి.”

ఆమె గుడ్డును కొంగులో దాచింది. తువ్వాలును తొట్టిలో ముంచి పెట్టకు చుట్టింది. ఆకుపచ్చ గీత గోడ దిగి, పెట్టమీద ఒక్క క్షణం ఆగి, ముందుకు సాగిపోయింది.

గుమ్మంలో నిలబడి తొమ్మిదేళ్ళ కూతురు హంసిని అంతా చూసింది.

“ఎవరితోనూ అనకు. కన్నుకి తెలిస్తే మనందర్నీ పట్టుకుపోతుంది,” అంది నూకరత్నం.

కానీ తనే మనసాగక గోడమీంచి పక్కింటి సత్యవేణికి చెప్పింది. ఆమె పెట్టలూ అలాగే ఉన్నాయి మరి. సాయంత్రానికి వీధంతా తడిగుడ్డలే.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం హంసిని అన్నం ముట్టలేదు. జుట్టు తడిసి ఉంది. నూకరత్నం పిల్ల మెడమీద చెయ్యి వేసి, తడి కిందినించి వేడి తగిలి ఉలిక్కిపడింది.

“ఎన్నాళ్ళనించే ఈ జ్వరం?”

“నాలుగు రోజులైంది. కన్ను తిరిగేముందు నీళ్ళు పోసుకుంటున్నా, రాత్రుళ్ళు తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటున్నా. నిన్ను పట్టుకుపోతుందని.”

నూకరత్నం పిల్లను గబగబా తుడిచి కన్నుకెదురుగా నిలబెట్టింది. గీత వచ్చింది, ఆకుపచ్చగానే వెళ్ళిపోయింది. ఒంటిమీద చల్లదనం ఇంకా ఆరలేదు. “పిల్లకి జ్వరం!” అని అరిచింది. కన్నుకు చూపే తప్ప చెవుల్లేవు. వీధి తలుపు తీద్దామంటే, అది కన్ను మీటితేనే తెరుచుకుంటుంది. కూతుర్ని గుండెకు హత్తుకుని మరో పది నిమిషాలు కూర్చుంది.

“ఎర్రబడవే, నీకు దణ్ణం పెడతాను,” అంటూనే ఉంది.

ఈసారి ఎర్రబడింది.

అది పక్షిజ్వరం కాదు. తాగేనీళ్ళవల్ల వచ్చిన టైఫాయిడ్. మందు పడ్డాక హంసిని పదోరోజున లేచి కూర్చుంది. ఆరోజే వేరుశాల డాక్టరమ్మ నూకరత్నాన్ని పక్కకు పిలిచింది.

“మీ వీధిలో ఇంకో ఆరుగురు పిల్లలకి ఇదే జ్వరం. ఒక్క ఇంట్లోనూ కన్ను ఎర్రబడలేదు. మీ పాప సంగతి తెలిశాక మేం ఇల్లిల్లూ తిరిగి చూస్తే, అందరి నెత్తిమీదా తడిగుడ్డే. ఇద్దరికి ఆలస్యమైపోయిందమ్మా, దక్కలేదు. ఎవరు నేర్పారు వాళ్ళకిది?”

“నేనే,” అంది నూకరత్నం.

ఆ ఇద్దరూ ఎవరి పిల్లలో అడగడానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు.