రెండో పచ్చ గడి

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచిపోండి, తలుపు తీసే ఉంది. అంతా విని, చివర్లో పక్కవాడి చెవిలో "ఎక్కడో వైరు లూజై ఉంటుందిలే" అని గొణిగేవాళ్లకు ఒకటే మాట. రామాంజనేయులు చెయ్యి పడని వైరు కువైట్ దేశంలో లేదు. అతను చెప్పలేని సంగతి మీరు చెప్పగలిగితే చెప్పండి, చేతులు కట్టుకుని వింటాం.

రామాంజనేయులు అంటే ఎవరనుకున్నారు? రాయచోటి మనిషి. ఖైతాన్‌లో సెలూన్‌కూ దర్జీ అంగడికీ నడుమ అతని రిపేరు కొట్టు. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు బయట నిలబడి మాట్లాడాల్సిందే. ఆ కొట్టులో కూర్చుని అతను ఎన్ని చచ్చిన కంప్యూటర్లను లేపాడో లెక్క లేదు. షర్క్ చేపల మార్కెట్ దగ్గర సముద్రంలో పడిన లాప్‌టాప్‌ను ఆరబెట్టి నడిపించాడు. దాని స్పీకర్లో నెలరోజులు అలల హోరు వినిపించింది. ఒంటె తొక్కినదాన్ని, మూత మీద కాలి గుర్తు అట్లే ఉండగా, సాయంత్రానికి పాటలు పాడించాడు. యంత్రం మీద అరచెయ్యి పెట్టి, బిడ్డకు జ్వరం చూసినట్టు చూసి, రోగం చెప్పేవాడు.

అట్లాంటివాడి దగ్గరికి ఓబులేసు ఒక లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

ఓబులేసుది పులివెందుల పక్క పల్లె. అబ్బాసియాలో ఒక బ్యాచిలర్ గదిలో ఉంటూ గోడౌన్‌లో పెట్టెలు మోసేవాడు. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఆ గోడౌన్ మూసేస్తున్నాడు. అహ్మదీ వైపు ఒక కంపెనీ సేఫ్టీ పనిలోకి తీసుకుంటానంది, కానీ ముందు ఆన్‌లైన్ పరీక్ష పాస్ కావాలి. పాసైతే ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, కొత్త కంపెనీ మీదికి మారుతుంది. లేకపోతే ఖలాస్, పెట్టె సర్దుకుని విమానం ఎక్కడమే. రెండోసారి రాయనివ్వరు. పైగా కెమెరా ముందు, గదిలో ఇంకో మనిషి లేకుండా రాయాలి. అందుకోసమే శుక్రవారం సంతలో, ఎవరో ఇల్లు ఖాళీ చేసి పడేసిన సామాన్ల కుప్పలోంచి ఆ లాప్‌టాప్ ఏరుకున్నాడు.

"ఊరికూరికే చచ్చిపోతాందన్నా," అన్నాడు. "నీలం తెర పడతాది, ఆరిపోతాది. రొంత సేపన్నా చదువుకోనీదు."

"ఓరబ్బీ, నా చేతికిచ్చినావు గదా! ఇంక చావమన్నా చావదు పో."

నిజంగానే చావలేదు. కొట్టులో ఓబులేసును కుర్చీలో కూర్చోబెట్టి, రామాంజనేయులు అతని ఎడమపక్క స్టూలు మీద కూర్చుంటే, పొద్దు గూకేదాకా గంగిగోవులాగా పని చేసింది. గదికి తీసుకుపోగానే చచ్చింది. మళ్లీ తెచ్చాడు. రామాంజనేయులు ఫ్యాన్ విప్పితే దోసెడు ఇసుక రాలింది. దోసెడంటే దోసెడే. లోపలి వేడి పీల్చే కొత్త పేస్టు పూశాడు. గదికి పోయింది, చచ్చింది. ర్యామ్ మార్చాడు. చచ్చింది. విండోస్ మొత్తం తుడిచి కొత్తగా వేశాడు. చచ్చింది. సెలూన్‌వాడు నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏందన్నా, నీ పేషంటు మళ్లా అడ్మిట్ అయినాడా?"

రామాంజనేయులు మీసం అదిరింది. ఓబులేసును దగ్గరికి లాక్కుని అడిగాడు.

"చచ్చే ముందు ఏమన్నా చప్పుడు చేస్తాదా?"

"చేస్తాదన్నా. టక్... టక్... అని. పళ్లు లేని ముసిలోళ్లు చిన్న రోట్లో వక్కాకు దంచుకుంటారే, అట్ల."

రామాంజనేయులు తొడ చరిచాడు. "అదీ సంగతి! హార్డ్‌డిస్కు. లోపల చక్రం దెబ్బతిని ముల్లు తగులుకుంటాంది." పాత డిస్కు పీకి పారేసి, కొత్తరకం డిస్కు బిగించాడు. "దీంట్లో చక్రం లేదు, ముల్లు లేదు, కదిలేదే ఏమీ లేదు. రాయి అనుకో. రాయి యాడన్నా చప్పుడు చేస్తాదా?"

పరీక్ష రోజు ఫోన్ మోగింది. అవతల ఓబులేసు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అన్నా... చప్పుడు చేస్తాంది."

ఆ రోజు తూజు లేచింది. ఆ మాట అరబ్బులది. మనకు దుమ్ము తుఫాను. మిట్టమధ్యాహ్నం ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగి, చూస్తుండగానే కాఫీ రంగుకొచ్చింది. వీధి దీపాలు వాటంతట అవే వెలిగాయి. నోట్లో మట్టి, కళ్లల్లో మట్టి, పళ్ల మధ్య కరకర. ఎదుటివాడు కనబడని ఆ దుమ్ములో, నడపడానికి భయపడి డ్రైవరు ఏడుస్తుంటే, పక్క సీట్లో కూర్చుని దారి చెప్పి షేరింగు కారును అబ్బాసియా దాకా తెచ్చిన మొనగాడు రామాంజనేయులు. మధ్యాహ్నం విరామానికి అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. వీధిలో ఒక్క పిల్లి కూడా లేదు.

గదిలో ఓబులేసు ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్లు డ్యూటీలకు పోయారు. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కినా దుమ్ము సన్నగా దిగుతూనే ఉంది. ట్యూబులైటు కింద గాలి ఎర్రగా కదులుతోంది. రేకుపెట్టె మీద లాప్‌టాప్, దాని ముందు కింది మంచం అంచున ఓబులేసు.

ఆ దుమ్ము వాసనలో ఇంకో వాసన ఉంది. వక్కాకు, సున్నం.

"రూములో ఎవరన్నా వక్కాకు నములుతారా?"

"ల్యా అన్నా."

రామాంజనేయులు అతని ఎడమపక్క కూర్చుని మిషన్ ఆన్ చేశాడు. వచ్చింది. పరీక్షవాళ్లిచ్చిన ప్రోగ్రాం తెరిచాడు. కెమెరా వెలిగింది. ముఖం కనబడిన చోటల్లా అది పచ్చ గడి ఒకటి గీస్తుంది. ఓబులేసు ముఖం చుట్టూ ఒక గడి. రామాంజనేయులు ముఖం చుట్టూ ఒక గడి. అంతా బాగుంది.

"చూడు, రాయి లెక్క నిలబడింది," అంటూ నీళ్ల కోసం లేచాడు.

తెర మీద ఒక గడి పోవాలి గదా? పోయింది. ఓబులేసు ఒక్కడే మిగిలాడు.

కాసేపటికి... మంచం కిర్రుమంది. ఓబులేసు కదల్లేదు.

అతని పక్కన, ఖాళీ చోట, రెండో గడి వచ్చింది.

రామాంజనేయులు గడి కన్నా బాగా కిందికి ఉంది. పొట్టి మనిషి, నడుము వంగిన మనిషి కూర్చుంటే ముఖం ఎక్కడ ఉంటుందో అక్కడ. లోపల ఏమీ లేదు. వెనక గోడ కనబడుతోంది. గడి మాత్రం మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది, ఏదో నములుతున్నట్టు.

టక్... టక్... టక్...

నీలం తెర. చీకటి.

వేరేవాడైతే చెప్పులు వదిలేసి పరుగెత్తేవాడు. రామాంజనేయులు మెకానిక్. మళ్లీ కూర్చున్నాడు, మిషన్ నడిచింది. లేచాడు, చచ్చింది. కూర్చున్నాడు. లేచాడు. మూడోసారి లేచినప్పుడు పరుపు వైపు చూశాడు. అతను కూర్చున్న చోట పరుపు పైకి లేవలేదు. అణిగే ఉంది.

అప్పుడు అర్థమైంది. కొట్టులో ఎందుకు చావలేదో. అక్కడ ఖాళీ చోటెక్కడిది?

"అన్నా, టైమయింది," అన్నాడు ఓబులేసు. "నువ్వు పక్కనుంటే రాయనీరు. నువ్వు ల్యాకపోతే..."

"ఆన్ చెయ్. నేను వాకిలి కాడ నిలబడతా."

ఆన్ అయింది. పరీక్ష కాపలాదారు గొంతు వినిపించింది. ఏ దేశంలో కూర్చున్నాడో, కుర్రవాడి గొంతు, మర్యాదైన ఇంగ్లీషు. కార్డు చూపించమన్నాడు. కెమెరా గదంతా తిప్పమన్నాడు. ఓబులేసు తిప్పి, మళ్లీ పెట్టె మీద పెట్టాడు.

కాపలాదారు అన్నాడు.

"మీ పక్కన కూర్చున్న పెద్దావిడను దయచేసి బయటికి పంపండి. లేకపోతే పరీక్ష రద్దు చేయాల్సి వస్తుంది."

ఓబులేసు మెడ తిప్పలేదు. కళ్లు మాత్రం వాకిలి దగ్గరున్న రామాంజనేయులు వైపు తిరిగాయి. టక్... మొదలైంది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే మిషన్ చస్తుంది. మిషన్ చస్తే ఇఖామా చస్తుంది.

"మర్యాదగా చెప్పు," రామాంజనేయులు పెదవులు కదిలించాడు. "పెద్ద మనిషి. అమ్మా అను."

"అమ్మా," అన్నాడు ఓబులేసు. మళ్లీ అన్నాడు. "అమ్మా... రొంత సేపు బయట కూచ్చోమ్మా. ఈ పరీచ్చ అయిపోనీ. నేనే వచ్చి నిన్ను తోడుకోని పోతా."

చప్పుడు ఆగింది.

పరుపు మెల్లగా పైకి లేచింది. తెర మీద పచ్చ గడి కదిలింది. ఓబులేసు భుజం దాటి, అంచు దాకా వచ్చి, పోయింది.

"ధన్యవాదాలు. తలుపు దగ్గరున్న ఆయన కూడా బయటికి వెళ్లి తలుపు మూయాలి."

రామాంజనేయులు బయటికి వచ్చి తలుపు మూశాడు. గొళ్లెం పడ్డాకే తట్టింది... ఆమెను పంపింది ఎక్కడికి?

బయటికే.

వరండాలో ఎవరూ లేరు. ఒక ట్యూబులైటు కొట్టుకుంటోంది. గోడ పొడుగునా చెప్పుల వరస. మెట్ల దగ్గర దుమ్ము పొగలాగా పైకొస్తోంది. రామాంజనేయులు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

వక్కాకు వాసన.

ఎడమపక్క.

టక్... టక్...

తల తిప్పలేదు. కుడిపక్కకు జరిగాడు. చప్పుడూ జరిగింది. ఇంకా జరిగాడు. మూల వచ్చేసింది. ఇంక జరగడానికి చోటు లేదు. పండగ పూట కూడా చదవని దండకం చదువుతూ కళ్లు మూసుకున్నాడు. ఆ పరీక్ష అయ్యేలోపల అతని మీసం తెల్లబడింది. మొత్తం కాదు, ఎడమవైపు మాత్రం. వెళ్లి చూసుకోండి.

చెవి దగ్గర, ఊపిరి తగలకుండా, ఒక గొంతు.

"అయిపాయనా?"

రామాంజనేయులు కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

"...పిల్లోడు పాసయితాడా?"

తలుపు భళ్లున తెరుచుకుంది. ఓబులేసు నవ్వుతూ ఏడుస్తున్నాడు. "పాసన్నా! పాసయినా! మిషన్ ఒక్కసారి కూడా..." రామాంజనేయులు అతని నోరు మూసి, రెక్క పట్టుకుని, దుమ్ములోకి ఈడ్చుకుపోయాడు. వీధి మలుపు దాటాక గాని వదల్లేదు.

"పొమ్మని చెప్పి ఊరుకోక, తోడుకోని పోతానని మాటెందుకిచ్చినావురా?"

"ముసిలామెను మొగం మీద పొమ్మనేకి నోరు రాల్యా అన్నా." ఓబులేసు కళ్లు తుడుచుకున్నాడు. "మన పక్క ఎవురంటారు అట్ల?"

రామాంజనేయులైనా అదే మాట ఇచ్చేవాడు.

కాగితాలు మారాయి. ఇఖామా మారింది. ఆ లాప్‌టాప్ ఇప్పటికీ ఒక్కసారి కూడా ఆరిపోలేదు. ఓబులేసు ఆ గదిలో మళ్లీ పడుకోలేదు. కాగితాలు వచ్చేదాకా ఖైతాన్‌లో, రామాంజనేయులు గదిలోనే ఉన్నాడు.

పనిలో చేరే రోజు ఆకాశం కడిగినట్టుంది. పొద్దున్నే కంపెనీ కారు కొట్టు ముందు ఆగింది. డ్రైవరు అన్వర్ బాషా, మదనపల్లె మనిషి. అంతకు ముందు వీళ్లను చూసి ఎరగడు. దిగి, ఓబులేసు పెట్టె డిక్కీలో పెట్టాడు. ముందు సీటు తలుపు తెరిచి, తల కాస్త వంచి, నిలబడ్డాడు. తర్వాత మెల్లగా మూశాడు.

"ఎక్కు బ్రదర్, నువ్వు వెనక కూచో," అన్నాడు. "అమ్మకు వెనక సీటు పడదంట."

ఓబులేసు కదల్లేదు. రామాంజనేయులు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కొద్దురా," అన్నాడు గొంతు లోపలే.

"ఎక్కకపోతే ఖలాసన్నా." ఓబులేసు ఆ ఖాళీ సీటు వైపే చూస్తున్నాడు. "ఎక్కకపోయినా... మాటిచ్చింది నేనే గదా."

చెయ్యి విడిపించుకుని వెనక ఎక్కాడు.

అన్వర్ బాషా బండి స్టార్ట్ చేశాడు. టింగ్, టింగ్, టింగ్ అని అలారం మొదలైంది. ముందు సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే ఈ కొత్త కార్లు అరుస్తాయి. "అరె, మరిచిపోయినా, మాఫ్ కరో అమ్మా," అంటూ బాషా వంగి, బెల్టు లాగి, టక్కున బిగించాడు. అలారం ఆగింది. కారు కదిలింది.

రామాంజనేయులు కారు కిటికీ అద్దంలోంచి చూశాడు. ఆ సీట్లో ఎవరూ లేరు. కానీ బెల్టు సీటుకు ఆనలేదు. జానెడు ఎత్తులో, ఒక పొట్టి మనిషి ఒంటి మీద ఉన్నట్టు ఉబ్బి నిలబడింది. కారు మలుపు తిరిగేటప్పుడు అది మెల్లగా ఊపిరి తీసుకుంది.

నవ్వుతారా, నవ్వండి. బెల్టు బిగించింది రామాంజనేయులు కాదు. ఆ చేతులు వేరేవాళ్లవి. పోయి అడగండి. అహ్మదీ కంపెనీ బండి డ్రైవరు, మదనపల్లె అన్వర్ బాషా.