వెలిగించని చుట్ట

ఆ వానాకాలం కూర్మన్నపాలెంలో దగ్గు లేని ఇల్లు లేదు. పాలవాడు దగ్గుతూ పాలు పోసి వెళ్లాడు. స్టీల్‌ప్లాంటు బస్సు కోసం నిలబడ్డవాళ్లు దగ్గుతూనే ఎక్కారు. అందుకే వసారాలో తల్లి జోగమ్మ దగ్గుతుంటే త్రినాథరావు పట్టించుకోలేదు.

"అమ్మది సుట్ట దగ్గేనే," అన్నాడు భార్యతో, బూట్లు తొడుక్కుంటూ. "అడ్డపొగ మానమని నువ్వే గదా పోరతన్నావ్!"

నిజమే. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ గౌరీశ్వరికి ఆ చుట్టతోనే యుద్ధం. నిప్పు కొస నోట్లో పెట్టుకుని, అదే నోటితో కోడలి వంటకి వంకలు పెట్టగల మనిషి జోగమ్మ. కాఫీ కంటే ముందు చుట్ట వెలగాల్సిందే.

కాఫీ అందించబోయి గౌరీశ్వరి ఆగిపోయింది. అత్తగారి వేళ్ల మధ్య నలిగిన చుట్ట నిన్నటిదే. వెలిగించనే లేదు.

"అగ్గిపెట్టె ఇమ్మంటారా అత్తా?"

"వద్దే... నోరు సేదు." ఆ రెండు మాటలకే జోగమ్మకి ఆయాసం వచ్చింది. నుదురు కాలిపోతోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది.

"ఏవండీ, డ్యూటీ మానండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం."

"జలుబుకి పెద్దాసుపత్రేటే? నలుగురూ నవ్వుతారు. మిరియాల చారు పెట్టు."

"నాను రాను," అంది జోగమ్మ ఆయాసపడుతూనే. "ఇది నా సుట్ట మానిపించీ ఎత్తురా, త్రినాదూ! డాకటేరు సేత సెప్పిస్తాదట!"

గౌరీశ్వరికి కోపం ముంచుకొచ్చింది. "ఇది చుట్ట దగ్గు కాదండీ. నిన్నట్నుంచి ఆవిడ చుట్టే తాగలేదు! తాగగలిగితే ఇప్పుడు వెలిగించమనండి. తప్పు నాదేనని ఒప్పుకుని చారు పెడతాను."

పౌరుషంగా జోగమ్మ అగ్గిపుల్ల గీసి చుట్టకి ఆనించింది. పీల్చడానికి ఊపిరి చాల్లేదు. పుల్ల కాలి కాలి ఆరిపోయింది. త్రినాథరావు తల్లి వంకే చూస్తూ లేచాడు. ఒక బూటుతోనే ఆటో కోసం పరిగెత్తాడు.

వార్డులో మంచాలు నిండిపోయి వరండాలో చాపలు పరిచారు. నిమ్ము చంటిపిల్లల జబ్బనుకుంటే, ఇక్కడ అందరూ పెద్దవాళ్లే. రేవులో బస్తాలు మోసే వస్తాదులు కూడా మూలుగుతున్నారు.

"జలుబే కదా అని ఊరుకుంటారు. ఊపిరితిత్తుల్లోకి దిగాక తెస్తారు," అంది నర్సు ఫ్లోరెన్స్, ఆక్సిజన్ గొట్టం సరిచేస్తూ. "మీరు ఇంకా ఆలస్యం చేసుంటే కష్టమయ్యేదమ్మా."

త్రినాథరావు తల్లి పాదాల దగ్గర తల వంచుకు కూర్చున్నాడు.

ఆసుపత్రి జావలో ఉప్పు చాల్లేదని జోగమ్మ పేచీ పెట్టిన పూట, ఇక గండం గడిచిందని గౌరీశ్వరికి తెలిసిపోయింది.

ఇంటికి వచ్చాక జోగమ్మ బొడ్లోంచి ఆ నలిగిన చుట్ట తీసి కోడలి చేతిలో పెట్టింది. "కన్నకొడుక్కి నా దగ్గు ఇనపడినా పట్టనేదు. నువ్వు నా సుట్ట కూడా సూసినావే, అమ్మీ." గౌరీశ్వరి కళ్లు నిండాయి. "దీన్ని ఎక్కడైనా దాసీయ్. నానడిగినా ఇవ్వకు."

కోడలు వంటింటి గడప దాటిందో లేదో, వెనకనుంచి కేక వినిపించింది.

"ఎక్కడ దాసినావో మాత్రం సెప్పీ!"